లేచివచ్చితిమి, తలుపు వేయ మఱచితిమి

2019వ సంవత్సరము నవంబరు 4వ తేదీన బాంకాకు నగరమున కూడిన సభలో, ప్రాంతీయ సమగ్ర ఆర్థిక భాగస్వామ్యమను వ్యాపార కూటమిలో భారతదేశము చేరదని ప్రధాని నరేంద్ర మోదీ ప్రకటించెను. పత్రికలు ఆర్‌సెప్ అని పొట్టిపేరు పెట్టిన యొడంబడిక యది. ఆసియాన్ దేశములు పదియు, చీనా, జపాను, దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండులును, మనమును కలిసి పదునాఱు దేశములవారు ఏడేండ్లు సంప్రదింపులు జరిపిరి. తీరా పత్రములు సిద్ధమైన వేళ మనము లేచివచ్చితిమి. తక్కిన పదునైదు దేశములును మఱుసటి యేడు నవంబరు 15న సంతకములు చేసి, 2022 జనవరి 1 నుండి దానిని క్రమముగా ఆచరణమున బెట్టుకొన్నవి.

లేచివచ్చుటకు ప్రధాని చెప్పిన కారణము చదువరులకు జ్ఞాపక ముండును. ఏ పని తలపెట్టినను నీవు చూచిన కడు నిరుపేద ముఖమును మనసున నిలుపుకొని, ఈ పనివలన వానికేమి మేలని ప్రశ్నించుకొనవలెనని మహాత్ముడు మనకొక రక్షరేకు కట్టి పోయెను గదా. ఆ రక్షరేకును తన యంతరాత్మయు రెండును ఈ కూటమిలో చేరుటకు సమ్మతింపవని ప్రధాని సభాముఖమున పలికెను. నాడు దేశమందలి రైతు సంఘములు హర్షించినవి. ఆ నిర్ణయము సరియైనదనియే నేటికిని మా యభిప్రాయము. అయితే ఆఱేండ్లు గడచిన పిమ్మట నొక్క ప్రశ్న యడుగక తప్పదు. ఆ నిరుపేద ముఖము కంబదూరు మెట్టచేనిలో వేరుసెనగ పెఱుకుచున్న రైతు ముఖమే యనుకొందము. బాంకాకులో మనము లేచిన లేవడమువలన వాని కాటా దగ్గర ధరలో వచ్చిన భేద మేమి?

కంబదూరు అనంతపురము జిల్లాలో, కళ్యాణదుర్గమునకు దక్షిణపు దిక్కున, కన్నడ సీమ పొలిమేరకు చేరువగా నున్న మండలము. ఊరిలో పాత శివాలయములు కలవు. నొళంబుల నాటి శిల్పమును వెదకుచు వచ్చు పండితులకు ఆ పేరు తెలియును. తక్కినవారికి తెలియవలసినది అచటి నేల. ఎఱ్ఱమన్ను, అదియు పలుచన. జానెడు త్రవ్వినచో రాయి. జిల్లా మొత్తమునకు సాలుకు సగటున కురియు వాన 550 మిల్లిమీటర్లు మాత్రమే. ఆ కొంచెమును కాలమునకు వచ్చునను నమ్మిక లేదు. కొఱ్ఱ, ఆరిక, సజ్జ పండిన చేలను శెనక్కాయ యాక్రమించి కొన్ని తరములైనది. కాయ నగదు తెచ్చును, కట్టె పశువులకు మేతయగును, ఇరువది దినములు వాన లేకున్నను తీగ చావదు. ఒకప్పుడీ జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో ఆ పంట యుండెడిది. భారతదేశమున మఱి యే జిల్లాలోను అంత విస్తీర్ణము లేదని పేరు. ఇపుడా విస్తీర్ణము బాగుగ తగ్గినది. కందియు, ప్రత్తియు కొంత నేలను తీసికొన్నవి. కొంత నేల బీడుపడినది. దున్నువారు బెంగుళూరు దారి పట్టిరి.

కఱవే దీనికంతకును కారణమని ఢిల్లీలోని పెద్దలు చెప్పుదురు. కఱవు కారణము కాదని మేమనము. ఎండిన బోరుబావులు, వడ్డీ యప్పులు, కల్తీ విత్తనములు, ఇవి యన్నియు కారణములే. కాని వాన కురిసిన యేటగూడ రైతు మునిగినాడే, దానికి కఱవు జవాబు చెప్పునా? నూనెమిల్లు యజమాని కాయకు ధర కట్టునపుడు ఆకాశమును చూడడు. కాకినాడ రేవునను కృష్ణపట్నము రేవునను దిగిన పామాయిలు ఏ ధరకు చిక్కుచున్నదో విచారించి, ఆ ధరను మనసున బెట్టుకొని కాయ కొనును. పామాయిలు చౌక యైన కొలదియు వంటింటిలో శెనగనూనె వెనుకకు పోవును; గానుగకు పోవలసిన కాయ గిరాకి లేక మండీలో ప్రోగుపడును. కంబదూరు రైతు మలేషియా తోటల నెన్నడును చూచియుండడు. వాని కాయ ధర మాత్రము అచట నిర్ణయమగుచున్నది.

ఎల్లకాలమును ఇట్లుండలేదు. 1986లో రాజీవ్ గాంధీ ప్రభుత్వము నూనెగింజల మిషన్ నొకదానిని స్థాపించెను. విత్తనము, గిట్టుబాటు ధర, దిగుమతిపై కట్టుబాటు, మూడును ఒక్కచేతి మీదుగా నడచినవి. 1990 తరువాతి మొదటి యేండ్లలో వంటనూనెల విషయమున దేశము దాదాపు తన కాళ్లమీద తాను నిలిచినది. పిమ్మట 1994లో పామోలిన్ దిగుమతికి తలుపు తెఱచిరి. నాడు సుంకము నూటికి 65. నాలుగేండ్లలో, 1998 నాటికి, దానిని 15కు దించిరి. ఇపుడేమైనది? 2023-24 నూనెల సంవత్సరమున మనము దిగుమతి చేసికొన్న వంటనూనె సుమారు 160 లక్షల టన్నులు. దేశము వాడు నూనెలో సగమునకు పైగా నది. అందును సగముకంటె నెక్కువ పామాయిలే.

ఇచట నొక సాకు వినవచ్చును. ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరితిమి, ఆసియాన్ దేశములతో ఒడంబడిక చేసికొంటిమి, ఇక మన చేతులు కట్టుబడినవి, ఏమి చేయుదుమని. చదువరులారా, ఈ మాట నిజమో కాదో లెక్క చూడుడు. ప్రపంచ వాణిజ్య సంస్థయెదుట పామాయిలుపై మనము ఒప్పుకొన్న గరిష్ఠ సుంకము నూటికి 300. సోయానూనె విషయమున మాత్రము 45తో తృప్తిపడి చేయి కట్టుకొంటిమి. అది మన సంప్రదింపుదారుల ఘనకార్యము. 2009లో సంతకమై 2010 జనవరి 1న అమలునకు వచ్చిన ఆసియాన్ ఒడంబడిక పామాయిలు సుంకమును మెట్టుమెట్టుగా దించి, 2020 జనవరి నాటికి ముడినూనెపై 37.5కును, శుద్ధినూనెపై 45కును తెచ్చి నిలిపెను. అనగా ఆ యొడంబడికను అక్షరము దాటకయే ముడి పామాయిలుపై నూటికి 37.5 దాక సుంకము వేయు హక్కు మనకు మిగిలియున్నది. మఱి మన ప్రభుత్వము వేసినదెంత? 2022 ఫిబ్రవరి నుండి 2024 సెప్టెంబరు వఱకు అన్ని సెస్సులును కలుపుకొని 5.5. మలేషియావారడుగలేదు; ఇండోనేషియావారు బలవంతపెట్టలేదు. ఒడంబడిక 37.5 అన్నచోట 5.5 అని వ్రాసికొన్నది మన చేయియే. అట్టివారు ఒడంబడికపై నేరము మోపుట, తానే త్రాడు విప్పి ఆవు పోయెనని పొరుగువానిని తిట్టుట వంటిది.

చేతులు నిజముగా కట్టుబడిన కాలమొకటి యుండెను. 1932లో ఒట్టావా నగరమున బ్రిటిషు సామ్రాజ్య దేశముల సమావేశము జరిగి, సామ్రాజ్యపు సరకులకు తక్కువ సుంకము, అన్యదేశపు సరకులకు ఎక్కువ సుంకము అను కట్టుబాటు మన మెడకు తగిలించిరి. అదియు నొక యార్థిక కూటమియే. మన సమ్మతి లేని కూటమి. మన వేరుసెనగకు పెద్ద బేరగాండ్రు ఐరోపా ఖండములోని ఫ్రాన్సు, జర్మనీ మొదలగు దేశములవారు. వారితో స్వేచ్ఛగా బేరమాడుకొను వీలు మనకు తగ్గినది. 1936 మార్చిలో కేంద్ర శాసనసభ ఒట్టావా యొడంబడికను ముగింపవలెనని తీర్మానించెను. నోటీసు ఇచ్చిరి గాని, క్రొత్త ఒడంబడిక కుదురువఱకు పాతదానినే సాగనిచ్చిరి. 1939లో ఆ క్రొత్తదానినిగూడ సభ త్రోసివేసినది. రాజప్రతినిధి తన విశేషాధికారముచే దానిని నెగ్గించుకొనెను. అటుపిమ్మట 1940లో ఫ్రాన్సు పడిపోగానే మన కాయలకు ఐరోపా రేవులు మూతపడినవి. నాటి నాయకులు కోరిన సుంక స్వాతంత్ర్యమునకు అర్థ మిదియే: మన రేవులో ఏ సరకుపై ఎంత సుంకమో మన సభ నిర్ణయింపవలెను. ఆ స్వాతంత్ర్యము వచ్చినది. 1962వ సంవత్సరపు కస్టమ్స్ చట్టము 25వ సెక్షను క్రింద ఒక కార్యదర్శి సంతకముతో వెలువడు ప్రకటన, పార్లమెంటులో ఒక గంటయైన చర్చ లేకయే, సుంకమును సగము చేయగలదు. రాజప్రతినిధి పోయినాడు, విశేషాధికారము మాత్రము ఇల్లు మాఱినది.

సుంకమను తాళపుచెవి నెట్లు త్రిప్పవలెనో మన ప్రభుత్వ మెఱుగదా? చక్కగ నెఱుగును. కాశ్మీరమును గూర్చియు, పౌరసత్వ చట్టమును గూర్చియు మలేషియా ప్రధాని మహాథీర్ విమర్శించిన పిమ్మట, 2020 జనవరి 8న శుద్ధి పామాయిలు దిగుమతిని పరిమిత సరకుల జాబితాలో చేర్చిరి. ఆ యాజ్ఞలో మలేషియా పేరు లేదు. దెబ్బ తగిలినది మాత్రము దానికే. పరాయి ప్రధాని యొక మాట అన్నందులకు ఒక్క దినమున మూయగలిగిన తలుపును, అనంతపురము రైతు ముప్పది యేండ్లుగా మొఱపెట్టుకొన్నను మూయలేకుంటిమా? ఆత్మాభిమానమునకు పనికివచ్చిన సార్వభౌమాధికారము అన్నమునకు పనికిరాకపోవుటేమి?

ఇటీవలి చరిత్ర యింకను విచిత్రము. 2024 సెప్టెంబరులో ముడినూనెల సుంకమును 5.5 నుండి 27.5కును, శుద్ధినూనెలది 13.75 నుండి 35.75కును పెంచిరి. రైతుకొఱకే యనిరి, మంచిదే. వెంటనే ఉత్తరపు దొడ్డివాకిలి తెఱచుకొన్నది. దక్షిణాసియా స్వేచ్ఛావాణిజ్య ఒడంబడిక ననుసరించి నేపాలమునుండి వచ్చు శుద్ధినూనెకు సుంకము లేదు. నేపాలము నూనెలో మిగులు దేశము కాదు. పరదేశముల ముడి సోయానూనెను కొని, శుద్ధిచేసి, డబ్బాపై తన పేరు వ్రాసి మన దేశమునకు పంపుటకు అచటి మిల్లులకు అవకాశము చిక్కినది. లోగడ సింహళముతో 1998లో చేసికొన్న యొడంబడికలోను ఇట్లే జరిగినది. తెచ్చుకొన్న పామాయిలుతో చేసిన వనస్పతి అటునుండి దిగుటయు, తుదకు దానికి సాలుకు ఇంతయని పరిమితి పెట్టవలసివచ్చుటయు వర్తకు లెఱుగుదురు. నేపాలము మనకు శత్రువు కాదు, బీద పొరుగు. దాని రైతు పండించినది వచ్చినచో కాదనము. కాని ఏ దేశపు గింజయో తెలియని నూనెకు నేపాలపు జన్మపత్రిక ఎట్లు చెల్లుచున్నదో మన కస్టమ్స్ ఉద్యోగులు చెప్పవలెను.

అంతటితో నాగలేదు. 2025 మే 28న ఖరీఫు పంటలకు మద్దతు ధరలు ప్రకటించి, వేరుసెనగకు క్వింటాలు 7,263 రూపాయలన్నారు. అంతకు ముందటి యేటికంటె 480 రూపాయలు ఎక్కువ. సరిగా రెండు దినములు గడచినవి. మే 30న ముడినూనెల సుంకమును 27.5 నుండి 16.5కు దించుచు ప్రకటన వెలువడెను. విత్తనపు కాయలు ఒలుచుకొను వేళ! శుద్ధినూనె సుంకము నట్లే యుంచిరి గనుక ముడినూనె తెచ్చి శుద్ధిచేయు మిల్లులకు 19.25 వంతుల యంతరము దొరకినది. వారి సంఘములు సంతోషించినవి, మేము వారి సంతోషమును కాదనము. కాని ఒకే వారమున కుడిచేత మద్దతు ధర నిచ్చి యెడమచేత దాని క్రింది పీటను లాగినవారిని రైతు ఏమని నమ్మవలెను? విత్తిన దినమున నొక సుంకము, కాయ కోసిన దినమున నొక సుంకము. రైతు జూదము వానతోడనే యనుకొంటిమి, గెజిటుతోడను అయినది.

కూటమినుండి వెలికివచ్చి, వచ్చిన దారిని కాపుకాయ మఱచినవారు మనమొక్కరమే కాము. బ్రిటను సంగతి చూడుడు. 2016 జూన్ 23న ప్రజాభిప్రాయము తీసికొని, 2020 జనవరి 31న యూరోపియన్ యూనియన్‌ను వీడినది. మా సరిహద్దు మాదే, మా చట్టము మాదే యని కేకలు వేసిరి. 2021 జనవరి 1 నుండి యూరోపువారు బ్రిటిషు మాంసమును, పాడి సరకులను సరిహద్దున నిలిపి పరీక్షించిరి. బ్రిటను మాత్రము యూరోపు ఆహారపదార్థములను పరీక్షించుట నైదు పర్యాయములు వాయిదావేసి, 2024లో గాని మొదలుపెట్టలేదు. మూడేండ్లు వారి రైతుకు ఎదురు గేటు మూసియున్నది, తన గేటు తెఱచియున్నది. ఉత్తర ఐర్లండు విషయమున నింకను చిక్కుపడి, తన దేశములోని యొక భాగమునకు మఱియొక భాగమునకు నడుమ సముద్రముపై సరకు పరీక్షలు పెట్టుకొన్నారు. వీడుట తప్పని మేము తీర్పు చెప్పము. అది వారి యింటి మాట. వెలికివచ్చిన స్వేచ్ఛతోనే కదా 2025 జూలై 24న మనతో ప్రత్యేకముగా వాణిజ్య ఒడంబడికపై సంతకము చేయగలిగిరి. అయినను, స్వేచ్ఛ నొక దినమున గెలిచి, తనిఖీదారుని నియమించుటకు నాలుగేండ్లు తీసికొన్న వారిని చూచి మనము నేర్చుకొనవలదా?

మన దేశమున నింకొక పక్షమువారు కలరు. లేచివచ్చుటయే తప్పు, మరల పోయి కూర్చుండవలెనని వారి వాదము. నీతి ఆయోగ్ ముఖ్య కార్యనిర్వహణాధికారిగా నుండిన బి.వి.ఆర్. సుబ్రహ్మణ్యం 2024 నవంబరులో నీ మాటయే చెప్పెను. కూటమిలో నుండుట మన చిన్న పరిశ్రమలకు మేలని ఆయన యాలోచన. ఆలోచింపదగిన మాటయే, తేలికగా త్రోసివేయరాదు. కాని ఆసియాన్, జపాను, కొరియాలతో మనకు వేఱుగా నొడంబడికలున్నవి; ఆస్ట్రేలియాతో 2022 డిసెంబరు నుండి యున్నది. అట్లగుట ఆర్‌సెప్‌లో చేరుటకు ముఖ్యార్థము చీనాకు సుంకము తగ్గించుటయే. 2024-25లో చీనాతో మన వ్యాపారపు లోటు సుమారు 9,900 కోట్ల డాలర్లు. సుంకములున్నపుడే ఇంత లోటైనచో, సుంకములు తీసిన నాడు చిన్న పరిశ్రమకు మిగులున దేమో ఆ వాదులు లెక్కగట్టి చెప్పవలెను.

అట్లని దేశమునకు చుట్టును గోడ కట్టుమని మేమనుటలేదు. గోడ కట్టినచో దాని క్రింద మొదట నలుగునది మన ప్రాంతమే. హిందూపురము ప్రాంతమున పట్టుగూళ్లు పెంచు రైతు చీనా పట్టుపై సుంకము పెంచుమనును. ధర్మవరము మగ్గముపై కూర్చున్న నేతగాడు తగ్గించుమనును. 2011 బడ్జెటులో ముడిపట్టు సుంకమును 30 నుండి ఒక్కసారిగ 5కు దించినపుడు గూళ్ల రైతు గగ్గోలు పెట్టెను. 2013లో దానిని 15 చేసినపుడు మగ్గమువాడు గొణగుకొనెను. ఇద్దరును మనవారే. శెనక్కాయ సంగతియు నిట్టిదే. మన వేరుసెనగ పప్పును విరివిగా కొను దేశములలో ఇండోనేషియా ముఖ్యమైనది. మనకు పామాయిలు అమ్మువాడును వాడే, మన పప్పు కొనువాడును వాడే. 2025 సెప్టెంబరులో ఆ దేశము మన కాయలలో బూజునుండి పుట్టు అఫ్లాటాక్సిన్ విషము మితిమీఱినదని కొనుగోలు నిలిపివైచెను. కాయ ముదురు వేళ వాన తప్పినచో ఆ బూజు పట్టుట హెచ్చు. అనంతపురమువంటి నేలకు అది నిత్యభయము. కోసిన కాయను తేమలేకుండ ఆరబెట్టి, మంచి గోడౌనులో నిలువచేసి, ఊరి దగ్గరనే పరీక్షించు నేర్పాటున్నచో ఆ నింద సగము తగ్గును. కంబదూరు మండలమున కట్టి పసుపుకుంకుమలు చల్లిన శిలాఫలకములలో అట్టి పరీక్షాశాల దేనిదైన ఉన్నచో చదువరులు మాకు వ్రాయుదురు గాక.

ఇక కొనువారి మాట. సుంకము పెంచినచో నూనె ధర పెరుగదా యని గృహిణి యడుగును. పెరుగును, దాచి ప్రయోజనము లేదు. 2013లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అమ్మహస్తమను పేర రేషను దుకాణములలో ఇచ్చిన తొమ్మిది సరకుల సంచిలో పామోలిన్ పొట్లమొకటి. శెనక్కాయ పండించినవాని భార్యయే ఆ పొట్లముకొఱకు వరుసలో నిలిచినది. ఆమె చేతిలోని పొట్లమును లాగుకొనుమని మేమనము. కాని 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా తన దేశమున నూనె ధర పెరిగినదని పామాయిలు ఎగుమతినే నిషేధించి, మే 23 వఱకు తలుపు మూసివేసినది. ఉక్రెయినులో యుద్ధము మొదలై పొద్దుతిరుగుడు నూనెయు అప్పటికే నిలిచిపోయెను. నాడు ఆ పొట్లము ధర ఏమైనదో గృహిణులకే బాగుగా తెలియును. చౌకయనుకొన్నది పరాయివాని చేతిలోని చౌక. వాడు పిడికిలి మూసినంతవఱకే. కావున సుంకమువలన వచ్చు సొమ్మును ఖజానాలో కలిపివేయక, నిరుపేదల రేషను నూనెకును, కాయలారబెట్టు కల్లములకును ఖర్చుచేయవలెను.

మేము కోరునది గొప్ప విప్లవము కాదు. మద్దతు ధర ప్రకటించు దినముననే, ఆ ధరకు మిల్లువాడు కాయ కొనగలుగునట్లు దిగుమతి సుంకమును లెక్కగట్టి ప్రకటింపవలెను. అది పంట అమ్ముడగువఱకు, అనగా మార్చి నెలాఖరువఱకు, మాఱరాదు. మార్చితీరవలెనన్నచో పార్లమెంటు ముందుకు వచ్చి, కారణము చెప్పి, ఓటు వేయించుకొని మార్చవలెను. సభ తెఱచియుండనిచో ఆర్డినెన్సు తీసికొనివత్తురు గాక, కారణము అందులోనైన అచ్చుపడును. దొడ్డివాకిలి నూనెకు జన్మస్థానము విచారింపవలెను. ఇందులో దేనికిని ప్రపంచ వాణిజ్య సంస్థ యనుమతి అక్కఱలేదు. ఆసియాన్ సమ్మతి అక్కఱలేదు. ఆర్‌సెప్ వారితో తగవును లేదు.

కళ్యాణదుర్గము నియోజకవర్గము అనంతపురము లోక్‌సభ స్థానములోనిది. ఆ స్థానపు సభ్యుడును, హిందూపురపు సభ్యుడును పార్టీభేదము లెంచక వచ్చు సమావేశముననే ఆర్థికమంత్రి నిలువబడి జవాబు చెప్పునట్లు ఒక్క ప్రశ్న వేయవలెను: 37.5 వఱకు చేయి సాచు హక్కు మీకుండగా, 2025 మే నెలలో, ఖరీఫునకు ముందు, 16.5 దగ్గర ఆ చేతిని ముడుచుకొన్న దెవరి కొఱకు?